గ్రాంటు రోడ్డు బీరు కార్ఖానా – విఠల్ మల్య గారి జీవితము

ఉగాది సంచికలో మద్యవ్యాపారి చరిత్ర ఏమిటని పాఠక మహాశయులలో కొందరికైనా అనిపించవచ్చును. కవులు, సంఘసంస్కర్తలు, ఆనకట్టలు కట్టిన ఇంజనీర్లు ఇందరుండగా బీరు కాచి అమ్మిన మనిషి సంగతి మనకెందుకని అడిగితే, మా మనవి ఇది. బెంగుళూరులో తరతరాలుగా కాపురమున్న మన తెలుగువారిలో కబ్బన్ పార్కు దాపున ఉన్న ఆ రోడ్డుమీద ఒక్కసారైనా నడవనివారు లేరు. దానికి పూర్వం గ్రాంటు రోడ్డని పేరు. ఇప్పుడది విఠల్ మల్య రోడ్డు. ఆ పేరు దినదినమూ పలుకుతూనే ఉన్నాము గాని, ఆ మనిషి ఎవరని మన పిల్లలు అడిగితే నాలుగు మాటలు చెప్పగలవారు తక్కువ. అందుచేత ఆయన గొప్పతనమూ, ఆయన వర్తకంలోని చేటూ రెండూ దాచకుండా చెప్పదలచినాము. వేపపూత లేనిదే ఉగాది పచ్చడి కాదు గదా.

ముందుగా కార్ఖానా పుట్టుక. 1809లో ఇంగ్లీషువారు బెంగుళూరులో దండు వేసినారు. ఊరు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది. ఎండ తక్కువ, గాలి చల్లన. దండులోని తెల్ల సిపాయీలకు బీరు లేనిదే దినం గడవదు. సీమనుంచి ఓడలమీద తెప్పించిన బీరు దారిలో చెడిపోవడమూ ఉన్నది, ధర మండిపోవడమూ ఉన్నది. అందువల్ల చల్లని ఊళ్ళు చూసుకొని, నీలగిరులలోనూ బెంగుళూరులోనూ దొరలు చిన్న చిన్న బీరు కార్ఖానాలు పెట్టుకొన్నారు. వీటిలో పాతదైన కాజిల్ బ్రూవరీ 1857 నాటిది. ఇటువంటి ఐదింటిని 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లండు దొర ఒక్కటిగా కలిపి యునైటెడ్ బ్రూవరీస్ అనే కంపెనీ స్థాపించినాడు. మొదటి రోజులలో సీసాల బీరు కంటె పీపాల బీరే ముఖ్యం. పెద్ద పెద్ద కర్రపీపాలలో నింపి, తెల్ల పటాలాలకు పంపేవారు. ఆ కంపెనీదే గ్రాంటు రోడ్డు కార్ఖానా.

లోపల జరిగే పని మన వంటింటి పనికి మరీ దూరం కాదు. బార్లీ గింజలను నానవేసి, మొలకెత్తించి, మొలక ముదరకముందే వేడిగాలికి ఆరబెడతారు. దానిని మాల్టు అంటారు. మన ఇళ్ళలో రాగులు మొలకకట్టి, ఎండబెట్టి, పిల్లలకు పిండి కొట్టినట్లే అన్నమాట. ఆ మాల్టును మరపట్టి వేడినీళ్ళలో కలిపితే గింజలోని పిండి తీపి రసంగా మారుతుంది. రసం వడగట్టి, హాప్స్ అనే చేదుపూత వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు తీపిని తిని మద్యమును, బొగ్గుపులుసు గాలిని పుట్టిస్తుంది. తరువాత కొన్ని వారాలు చల్లని తొట్లలో ఊరనివ్వాలి. తొందరపడితే బీరు పాడైపోతుంది. మాల్టు ఉడికే దినాన ఆ వాసన వీధులకు వ్యాపించేదని మన పెద్దలు చెప్పుకొంటారు. కొందరికది అంబలి వాసన, కొందరికి పులిసిన పిండి వాసన. రసం తీయగా మిగిలిన పిప్పి పాడిపశువులకు మంచి దాణా. బీరు ముట్టని ఇంటికి కూడ ఆ గింజ పాల రూపంలో చేరే ఉంటుంది.

ఇక విఠల్ మల్య గారి సంగతి. వారిది దక్షిణ కన్నడ జిల్లాలో నేత్రావతీ తీరాన ఉన్న బంట్వాళ. కొంకణి మాట్లాడే గౌడ సారస్వత కుటుంబం. తండ్రి బంట్వాళ గణపతి మల్య సైన్యంలో వైద్యుడు, లెఫ్టినెంట్ కర్నలు హోదా పొందినవారు. ఆ ఉద్యోగరీత్యా కుటుంబం ఊళ్ళు మారుతూ ఉండగా, 1924 ఫిబ్రవరి 8వ తేదీన ఢాకాలో విఠల్ మల్య జన్మించినారు. చదువు డెహ్రాడూనులోని డూన్ స్కూలులో, తరువాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో. పూర్వులది ఒక ఊరు, పుట్టినది ఒక ఊరు, చదివినది మరొక ఊరు, పేరు నిలిచినది బెంగుళూరు. బదిలీ ఉత్తరువులతో బతికే మా బోటి రైల్వే గుమాస్తాలకు ఈ వరుస బాగా తెలిసినదే.

డాక్టరు గారి కుమారుడు డాక్టరు కాలేదు, సర్కారు ఉద్యోగమూ చూసుకోలేదు. ఆయన దృష్టి కంపెనీ షేర్లమీద పడినది. 1946, 47 నాటికి ఇంగ్లీషువారి పాలన ముగియనున్నదని అందరికీ తెలిసినదే. దొరలు ఇండ్లు, తోటలు, గుర్రాలు అమ్ముకొని సీమకు పోతున్నారు. వారి కంపెనీల షేర్లు కూడ అమ్మకానికి వచ్చినవి. తెల్ల సిపాయీ వెళ్ళిపోతే బీరు ఎవరు తాగుతారని చాలామంది అనుకొన్నారు. ఆ సమయంలో యునైటెడ్ బ్రూవరీస్ షేర్లను ఈ యువకుడు సందడి లేకుండా కొనసాగినారు. 1947లో ఆ కంపెనీకి మొదటి భారతీయ డైరెక్టరైనారు. మరుసటి ఏడు, అనగా 1948లో, దొర దిగిపోగా ఛైర్మన్ కుర్చీలో కూర్చొన్నారు. అప్పటికాయనకు పాతికేళ్ళయినా నిండలేదు.

ఆ 1948 మామూలు సంవత్సరం కాదు. మద్రాసు రాజధానిలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాలో మొదలై, ఆ వెనుక మన చిత్తూరు, కడప జిల్లాలకు ప్రాకి, 1948 అక్టోబరు 2న గాంధీ జయంతినాడు రాజధాని అంతటా అమలులోకి వచ్చినది. ఆంధ్ర జిల్లాలన్నీ అందులో ఉన్నవి. విఠల్ మల్య గారి పూర్వుల ఊరున్న దక్షిణ కన్నడ జిల్లా కూడ ఆనాడు మద్రాసు రాజధానిలోనిదే. అనగా ఆయన ఏ సంవత్సరం బీరు కంపెనీ పగ్గాలు పట్టినారో, ఆ సంవత్సరమే సొంత ఊళ్ళోనూ పొరుగు సీమలోనూ ఆ సరుకు నేరమైనది. 1950లో అమలైన రాజ్యాంగంలో 47వ అధికరణం మద్యనిషేధానికి పాటుపడవలెనని ప్రభుత్వాలకు చెప్పినది. తెలివైనవాడెవడైనా ఆ దశలో ఆ వర్తకం వదలుకొంటాడు. ఈయన వదలలేదు. ప్రక్కనే రెండవ దారి తెరచి పెట్టుకొన్నారు.

ఆ రెండవ దారి కిసాన్. బెంగుళూరులో పండ్లను జాముగా, రసంగా చేసి డబ్బాలకెత్తే ఆ వ్యాపారాన్ని దొరల వద్దనుంచి 1950లో తీసుకొన్నారు. బీరు పేరెత్తితే చెవులు మూసుకొనే మన ఇళ్ళలో కూడ పిల్లల రొట్టెమీద కిసాన్ జాము పూసిన తల్లులున్నారు. ఆ సీసా వెనుకనున్నది ఎవరో వారెరుగరు. 1951లో మెక్‌డొవెల్ కంపెనీని కొన్నారు. ఇది మన చెన్నపట్నంలో 1826లో ఒక స్కాట్లండు వర్తకుడు స్థాపించిన పాత కొట్టు. సీమనుంచి మద్యమూ చుట్టలూ దిగుమతి చేసి దొరలకు అమ్మడం దాని పని. స్వాతంత్ర్యం తరువాత విదేశీ మారకద్రవ్యం కరువై, ఇటువంటి దిగుమతులకు ప్రభుత్వం కళ్ళెం వేసినది. దిగుమతి కొట్టుకు దిగుమతే లేకపోతే ఏమి మిగులుతుంది? పేరు మిగులుతుంది. ఆ పేరునే ఆయన పెట్టుబడిగా చేసుకొన్నారు. 1959లో కేరళలోని చేర్తలలో కార్ఖానా పెట్టించి, సీమ సరుకుకు బదులు ఇక్కడి సరుకును ఆ పేరుతో అమ్మసాగినారు.

ఆయన పద్ధతిని మేము రైల్వే ఆఫీసు బల్లమీదనుంచి చూస్తే ఇలా కనబడుతుంది. రాజ్యాంగం ప్రకారం తాగే మద్యంపై ఆబ్కారీ సుంకం రాష్ట్రాలది. బియ్యం బస్తా, సిమెంటు బస్తా దేశం ఈ చివరినుంచి ఆ చివరికి పోయినంత సుళువుగా మద్యం పోదు. పంపే రాష్ట్రం అనుమతి, పుచ్చుకొనే రాష్ట్రం అనుమతి, రెండు చోట్లా రుసుములు. ప్రతి రాష్ట్రపు సరిహద్దు ఒక పరదేశపు సరిహద్దే. కనుక ఒక్కచోట కొండంత కార్ఖానా కట్టి అన్ని దిక్కులకూ వాగన్లమీద పంపుదామంటే సాగదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలోనే కార్ఖానా ఉండవలెను. కొత్తవి కట్టడానికి లైసెన్సు దొరకడం కష్టం. అందువల్ల నడవలేక నడుస్తున్న పాత కార్ఖానాలను, పాత కంపెనీలను వెతికి, వాటి షేర్లను కొద్దికొద్దిగా కూడబెట్టి, ఒక్కొక్కదాన్నే తన చేతిలోకి తెచ్చుకొన్నారు. చీమ గింజలు చేర్చినట్లు ముప్పై అయిదేళ్ళకు పైగా ఈ ఒక్క పనే చేసినారు.

మనిషి నిరాడంబరుడు. పత్రికలలో బొమ్మలు వేయించుకొనే సరదా లేదు. మాట తక్కువ. లెక్కల పుస్తకం తిరగవేసి కంపెనీ ఆయువు ఎంతో చెప్పగలిగినవాడని పేరు. దుబారా అంటే గిట్టదు. కోటీశ్వరుడై ఉండి కూడ పైసకు లెక్క అడిగే మనిషని వర్తకలోకంలో చెప్పుకొనేవారు. మన ముసలివారు కోమటింటి లెక్క అని మెచ్చుకోలుగా అనే గుణం ఆయనలో నిండుగా ఉన్నది.

ఇక్కడే మాకు చిక్కుముడి కనబడుతున్నది. పైసా వృథా చేయని మనిషి ఆస్తి ఎక్కడనుంచి పెరిగినది? పైసా నిలుపుకోలేని మనుషుల జేబులనుంచి పెరిగినది. ఆయన సాయంకాలం లెక్క సరిచూసుకొనే వేళకే, ఏదో ఒక ఊళ్ళో ఒక కూలివాడు ఆ దినపు కూలిని సీసాకు ధారపోస్తూ ఉండేవాడు. తాగేవాళ్ళందరూ చెడిపోయినారని మేము అనము. పండుగకో పబ్బానికో ఒక గ్లాసు పుచ్చుకొని ఇంటికిపోయి నిద్రపోయేవారు లేకపోలేదు. కాని రైల్వే క్వార్టర్సులో కాపురం చేసేవారికి జీతాల దినం రాత్రి ఏ ఇంట్లో ఎటువంటి కేక వినబడుతుందో మరొకరు చెప్పనక్కరలేదు. ఆ ఇంటి ఇల్లాలు మర్నాడు మన గుమ్మంలోకి గ్లాసెడు బియ్యం అప్పుకు వచ్చినప్పుడు తల ఎత్తదు. కంపెనీ లెక్కలలో ఆ గ్లాసెడు బియ్యానికి పద్దు లేదు.

మన తెలుగువారికి ఈ తగవు మంత్రిమండలుల వరకు పోయినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. నిషేధం ఉన్నా దొంగసారా పారుతూనే ఉన్నది, ఖజానాకు రాబడి పోయినది. నిషేధం ఎత్తివేయవలెనని విచారణ సంఘం సిఫారసు చేస్తే పంతులుగారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తగవుమీదనే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గి మంత్రిమండలి పడిపోయినది. తెలుగువారి మొదటి ప్రభుత్వం కూలినది మద్యం ప్రశ్నమీదనే అని మన పిల్లలకు చెప్పవలసియున్నది. ఆబ్కారీ రాబడి వదలుకొంటే బడులకు, రోడ్లకు డబ్బెక్కడిదని అడిగినవారి ప్రశ్నకూ, వదలకపోతే కాపురాలేమి కావాలని అడిగినవారి ప్రశ్నకూ నేటివరకు సరియైన సమాధానం దొరకలేదు. విఠల్ మల్య గారు ఆ రెండు ప్రశ్నలమధ్య ఉన్న సందులోనుంచి బండి నడిపిన మనిషి.

1977లో మొరార్జీ దేశాయి గారు ప్రధానమంత్రి అయి, నాలుగేళ్ళలో దేశమంతటా నిషేధం తేవలెనని సంకల్పించినారు. ముప్పై ఏళ్ళ క్రితపు గండం మరల వచ్చినట్లయినది. ఆ రోజులలోనే, అనగా 1978లో, విశాఖపట్నంలోని హిందూస్థాన్ పాలిమర్స్ ఆయన మెక్‌డొవెల్ కంపెనీలో కలిసినది. 1961లో స్థాపించిన ఈ కార్ఖానా సింహాచలం స్టేషనుకు సమీపాన వెంకటాపురంలో ఉన్నది. ప్లాస్టికు సామానుకు కావలసిన పాలిస్టైరీను చేసేది. మన ఉత్తరాంధ్ర కుటుంబాలు కొన్ని ఆ విధంగా ఆయన జీతంపై బతికినవి. ఆయన పోయిన చాలాకాలానికి, 1997లో, అది కొరియా దేశపు ఎల్‌జీ కంపెనీ చేతికి పోయినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విషవాయువు వెలువడి పన్నెండుమంది చనిపోయినది అక్కడే. ఆ నేరం ఆయన నెత్తిన వేయడం న్యాయం కాదు. మనిషి వదలివెళ్ళిన ఆస్తి ఆ తరువాత ఎవరి చేతులలో ఏమవుతుందో ఎవరెరుగుదురు?

మొరార్జీ గారి ప్రభుత్వం 1979లో పడిపోయినది. నిషేధమూ వెనుకబడినది. విఠల్ మల్య గారు 1983 అక్టోబరు 13న బొంబాయిలో గుండెపోటుతో మరణించినారు. వయస్సు యాభై తొమ్మిది. రైల్వేలో అయితే అది ఇంకా పింఛను కాగితాలు చూసుకొంటూ ఉండే వయస్సు.

ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకొంటున్న ఆడవారు పలకలు ప్రక్కనబెట్టి సారా కొట్టును మూయించినారు. రోశమ్మ గారి పేరు ఊరూరా మోగినది. 1993లో సారా నిషేధమూ, 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధమూ వచ్చినవి. ఆ ఉద్యమం కూలివాడి సారాపొట్లంపై మొదలైనది, కార్ఖానా సీసాపై కాదు. అయినా చివరకు రెండూ ఒక్క చట్టంలోనే ఆగినవి. ఇల్లాలి దృష్టిలో పొట్లానికీ సీసాకూ భేదం లేదని ఆ చట్టం తేల్చినది. 1997లో అదీ సడలిపోయినది. ప్రకాశం పంతులుగారినాటి ప్రశ్నే మరల మిగిలినది.

కంపెనీ సంగతి. తండ్రి మరణించిన ఏడే కుమారులు విజయ్ మల్య గారు ఛైర్మన్ అయినారు. కింగ్‌ఫిషర్ పేరు దేశమంతటా మోగినది. 2005లో అదే పేరుతో విమానాల కంపెనీ వెలసినది, 2012లో నిలిచిపోయినది. ఆ అప్పుల వ్యవహారం న్యాయస్థానాలకెక్కినది. మెక్‌డొవెల్ వ్యాపారం ఇంగ్లండుకు చెందిన డియాజియో చేతికి పోగా, 2021లో యునైటెడ్ బ్రూవరీస్‌పై ఆధిపత్యం హాలెండు దేశపు హైనెకెన్ కంపెనీకి చేరినది. 1948లో దొరల వద్దనుంచి షేరు షేరుగా కొన్నదంతా డెబ్బై అయిదేళ్ళైనా తిరగకముందే మరల సీమకే చేరినది. ఎవరిని నిందించి ప్రయోజనం లేదు గాని, తండ్రి ఓపిక షేర్లతోబాటు బదిలీ కాదని ఇందువల్ల తేటపడుతున్నది. ఇది ఇంటింటా గమనించవలసిన విషయం. పిల్లలకు పొలం వ్రాసి ఇవ్వవచ్చును, ఇల్లు వ్రాసి ఇవ్వవచ్చును. పొదుపు మాత్రం కాగితంపై వ్రాసి ఇవ్వలేము.

గ్రాంటు రోడ్డు కార్ఖానాను కూల్చి ఆ నేలపై యూబీ సిటీ అనే ఆకాశమంటే మేడలు కట్టినారు. 2008లో తెరచినారు. మాల్టు ఉడికిన చోట ఇప్పుడు అద్దాల అంగళ్ళున్నవి. ఆ రోడ్డుమీదనే మల్య ఆసుపత్రి ఉన్నది. విఠల్ మల్య గారి పేరుతో 1987లో ఒక శాస్త్ర పరిశోధనా సంస్థ ఏర్పడి, మొక్కలనుంచి ఔషధగుణం గల పదార్థాలు తీసే పని చేసినది. ఒక సరుకు అమ్మిన ధనం, ఆ సరుకు చెరచిన దేహాలకు మందు వెతికినదని ఎవరైనా అంటే, మేము కాదనము, ఔననీ అనము.

బెంగుళూరు తెలుగువారిలో ఆ కార్ఖానా కూతను బట్టి గడియారం సరిచేసుకొన్నవారు ఉండవచ్చును, ఆ పిప్పితో గేదెలను మేపినవారు ఉండవచ్చును, ఆ సీసాకు ఇంటిమనిషిని పోగొట్టుకొన్నవారూ ఉండవచ్చును. వీరందరి జ్ఞాపకాలూ కలిస్తేనే ఆ మనిషి చరిత్ర పూర్తి అవుతుంది. విఠల్ మల్య గారివద్ద నేర్చుకోదగినది చాలా ఉన్నది. అదను తెలియడం, సందడి చేయకపోవడం, కూడబెట్టడం, గండం వచ్చినప్పుడు రెండవ దారి సిద్ధంగా ఉంచుకోవడం. అవన్నీ నేర్చుకొందాము. ఆయన అమ్మిన సరుకు మాత్రం ఆయన లెక్కప్రకారమే దుబారా. ఈ సంవత్సరాది దినాన జీతపురాళ్ళు ముందు ఇంటికి చేర్చే అలవాటు మన సంఘంలో ప్రతి గడపకూ కలుగవలెనని, గ్లాసెడు బియ్యానికి తల వంచే ఇల్లాలు మనలో ఉండకూడదని కోరుకొంటూ, పాఠక సోదర సోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.